పండుగకు పిలుద్దాం, పిలిస్తే పోదాం

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా మాదన్నపేటలో జరిగిన యువజనుల సమావేశంలో గిరిజన బాలికల వసతిగృహం వార్డెన్ చేసిన ప్రసంగ పాఠం)

 

ఆదివాసీల హక్కుల గురించి మాట్లాడటానికి ఐక్యరాజ్యసమితి ఏర్పాటు చేసిన బృందం 1982లో ఆగస్టు 9న జెనీవాలో మొదటిసారి కూర్చుంది. అందుకే 1994లో ఈ రోజును మన రోజుగా ప్రకటించారు. మన భూమి, మన అడవి, మన రిజర్వేషన్ గురించి ఇంతకుముందు మాట్లాడిన పెద్దలు బాగా చెప్పారు. మేము ఇంకో విషయం ఎత్తుకుంటాం. పల్లె వదిలి పట్నం వచ్చాక మన పక్కింట్లో ఎవరున్నారు? వాళ్లకు మనం ఎవరం? ఒకరోజు గల్లీలో గొడవైతే వాళ్లు మన తలుపు కొడతారా, మనం వాళ్ల తలుపు కొడతామా?

అన్నం, చదువు, ఆరోగ్యం చూసుకునే హాస్టల్ వార్డెన్లకు ఈ సంగతులెందుకని మీరు అడగొచ్చు. గొడవైన రోజు ముందుగా మూతపడేది కూరగాయల మండీ. తరవాత ఆగేది పాల బండి, ఆ తరవాత బస్సు. సాయంత్రానికి తండా నుంచి ఫోన్లు మొదలవుతాయి. ‘పిల్లను ఇంటికి పంపియ్యండి మేడం, చదువు వద్దు, ఏమీ వద్దు’ అంటారు. అట్లా ఇంటికి వెళ్లిన ఆడపిల్లలందరూ తిరిగి రారు. కొందరి చదువు అక్కడితో ఆగిపోతుంది, పెళ్లి మాటలు మొదలవుతాయి. ఊళ్లో శాంతి ఉండటం, మన చెల్లెలి డిగ్రీ పూర్తి కావడం మాకు రెండు వేరు వేరు సంగతులుగా కనబడవు.

ఈ పేటలో జరిగింది

మనం కూర్చున్న ఈ పేటకు మాదన్న పేరు వచ్చింది. కుతుబ్‌షాహీల చివరి సుల్తాన్ అబుల్ హసన్ తానాషా దగ్గర ఆయన ప్రధానమంత్రి. ఆయన సోదరుడు అక్కన్న కూడా అదే కొలువులో పెద్ద ఉద్యోగి. ముస్లిం సుల్తాన్ రాజ్యాన్ని ఇద్దరు బ్రాహ్మణ సోదరులు నడిపిన కాలం అది. 1686లో గోల్కొండలో ఆ అన్నదమ్ములిద్దరూ హత్యకు గురయ్యారు. కలిసి బతకడం ఈ ఊరికి ఎంత పాత అలవాటో, దాన్ని చెడగొట్టే ప్రయత్నం కూడా అంత పాతది.

మన కాలానికి వద్దాం. 2012 ఏప్రిల్ 8, ఆదివారం. మీలో చాలామంది అప్పటికి బడికి కూడా వెళ్లి ఉండరు. ఇక్కడికి దగ్గరలోని కూర్మగూడలో ఒక హనుమాన్ గుడి దగ్గర మాంసం పడేశారన్న వార్త పొద్దున్నే పాకింది. గంటల్లోనే రాళ్లు పడ్డాయి, బండ్లు ధ్వంసమయ్యాయి. మాదన్నపేట, సైదాబాద్ పోలీస్ స్టేషన్ల పరిధిలో కర్ఫ్యూ పెట్టారు. ‘వాళ్లే చేశారు’ అని ఆ రోజు అందరికీ తెలుసు. తెలుసని అందరూ అనుకున్నారు. తరవాత పోలీసులు అరెస్టులు చేసి చెప్పిందేమిటి? గొడవ రేపాలని ఆ పని చేసింది ఆ గుడి మతానికే చెందిన కొందరు యువకులని.

ఇది ఏ మతాన్నీ తక్కువ చేయడానికి చెప్పడం లేదు. గొడవ రేపాలనుకునేవాడు ఏ వైపు నుంచైనా రావచ్చు. అది ఎట్లా పని చేస్తుందో మీరు గమనించాలి. మొదట ఒక పవిత్రమైన చోటును ఎంచుకుంటారు. పొద్దున్నే జనం కళ్లబడేటట్టు పని చేస్తారు. ఆ తరవాత వాళ్లకు ఇక పని ఉండదు. మిగతాదంతా మనలాంటి వాళ్ల కోపమే చేసిపెడుతుంది. వాళ్లకు కావలసింది ఒక్కటే, నిజం బయటపడేలోపు మనం ఆగకపోవడం. నిజం బయటపడటానికి రోజులు పడుతుంది. రాయి విసరడానికి నిమిషం చాలు. అప్పట్లో నోటి మాటతోనే అంత జరిగింది. ఇప్పుడు ప్రతి చేతిలో ఫోన్ ఉంది.

కర్ఫ్యూ పెడితే ఎవరు నష్టపోతారో చూడండి. దేవరకొండ వైపు తండాల నుంచి వచ్చి సింగరేణి కాలనీలో ఉంటూ అడ్డా మీద కూలికి నిలబడే మన కుటుంబాలు, ఆటో నడిపే మన అన్నలు, మండీలో బస్తాలు మోసేవాళ్లు, తోపుడు బండి మీద పండ్లు అమ్మే ముస్లిం కుటుంబాలు. నెల జీతం వచ్చేవాళ్లకు కర్ఫ్యూ అంటే సెలవు. రోజు కూలికి కర్ఫ్యూ అంటే పస్తు. రెండు వైపులా పస్తున్నవాళ్లు ఒకరి మీద ఒకరు కోపం పెంచుకుంటారు. దూరంగా ఇంట్లో కూర్చుని మెసేజ్ పెట్టినవాడికి భోజనం టైముకే దొరుకుతుంది.

ఒకడి తప్పు, ఊరందరి మీద ముద్ర

గుంపును గుంపుగా నేరస్తులనడం ఎట్లా ఉంటుందో ఈ దేశంలో మనకు తెలిసినంతగా చాలామందికి తెలియదు. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్త తెగల చట్టం తెచ్చింది. ఆ చట్టం కింద కొన్ని తెగలలో పుట్టిన బిడ్డ పుట్టుకతోనే దొంగ. పోలీసుల దగ్గర పేరు రాయించుకోవాలి, ఊరు దాటాలంటే అనుమతి తీసుకోవాలి. బాపట్ల దగ్గరి స్టువర్టుపురంలో ఎరుకల కుటుంబాలను తెచ్చి నిఘాలో ఉంచింది ఆ చట్టం కిందనే. స్వాతంత్ర్యం వచ్చాక 1952లో ఆ చట్టం పోయింది. ముద్ర మాత్రం అంత తొందరగా పోలేదు. ఈ పట్నంలో మన పిల్లలు అద్దె గది అడగడానికి వెళ్తే ‘మీరు ఏమిట్లు’ అని అడిగి తలుపు వేసుకునే ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఆ తలుపు ముందు నిలబడ్డ పిల్ల ముఖం మేము చూశాం.

అట్లాంటి మనం ఇంకో గుంపును చూపించి ‘వాళ్లంతా ఇంతే’ అనవచ్చా?

2024లో జైనూరులో ఒక ఆదివాసీ మహిళ మీద దారుణమైన దాడి జరిగింది. నిందితుడు ఒక ఆటో డ్రైవర్. మన బిడ్డకు అన్యాయం జరిగితే మన రక్తం మరుగుతుంది, మరగాలి కూడా. కేసు కావాలి, శిక్ష పడాలి, బాధితురాలి వైద్యానికీ బతుకుకూ ప్రభుత్వం అండగా నిలవాలి. కానీ సెప్టెంబరు 4న బంద్ రోజు దుకాణాలకు, ఇళ్లకు నిప్పు పెట్టారు. కర్ఫ్యూ వచ్చింది, ఇంటర్నెట్ ఆగింది. తగలబడిన ఆ షాపుల వాళ్లు ఆ నేరం చేయలేదు. అంతకంటే ముఖ్యం, వార్తల్లో ఆ తల్లికి న్యాయం అన్న మాట వెనక్కి పోయి గొడవ ముందుకు వచ్చింది. ద్వేషం మొట్టమొదట దెబ్బ తీసేది మన న్యాయమైన డిమాండునే.

ఇది వేరే మతంతోనే కాదు. 2017 డిసెంబరులో ఉట్నూరు ప్రాంతంలో ఆదివాసీలకు, లంబాడీలకు మధ్య ఘర్షణలు జరిగాయి. మన హాస్టళ్లలో గోండు పిల్ల పక్క మంచం మీద లంబాడ పిల్ల పడుకుంటుంది. కోయ పిల్ల జడ ఎరుకల పిల్ల వేస్తుంది. అట్లాంటి పిల్లలు ఆ రోజుల్లో ఒకరి ముఖం ఒకరు చూసుకోవడానికి ఇబ్బంది పడ్డారు. ఎస్టీ జాబితా గురించి, ఉద్యోగాల వాటా గురించి ఇరువైపులా గట్టి వాదనలున్నాయి. వాటిని ఇక్కడ తేల్చడం మా పని కాదు. ఆ వాదన కోర్టుల్లో, చట్టసభల్లో కాగితాలతో జరగాలి. మెస్సులో కంచాల దగ్గర జరగకూడదు. మేము ఆ రోజుల్లో హాస్టల్లో పెట్టిన నియమం ఒక్కటే: జాబితా గురించి ఎంతైనా చర్చించండి, పక్క మంచం పిల్లను మాత్రం పేరుతోనే పిలవండి, తెగ పేరుతో పిలవొద్దు.

మన పెద్దలు కట్టిన దారులు

సామరస్యం అనే మాట మనకు పట్నంవాళ్లు నేర్పాల్సిన పని లేదు. మన పండుగలను ఒకసారి పరీక్షగా చూడండి.

ఆదిలాబాద్ గూడేల్లో దీపావళి రోజుల్లో దండారి జరుగుతుంది. నెమలి ఈకల టోపీలతో గుస్సాడీలు ఆడతారు. మర్లవాయికి చెందిన కనకరాజు గారు ఆ నాట్యానికే 2021లో పద్మశ్రీ అందుకున్నారు. మనం వీడియోల్లో ఆట మాత్రమే చూస్తాం. ఆట వెనక ఒక కట్టుబాటు ఉంది. ఒక గూడెం దండారి బృందం ఇంకో గూడేనికి అతిథిగా వెళుతుంది. ఆ ఊరివాళ్లు ఎదురొచ్చి కాళ్లకు నీళ్లిస్తారు, అన్నం పెడతారు, రాత్రికి ఉంచుకుంటారు. ఇంకో రోజు వీళ్ల ఊరికి వాళ్లొస్తారు. ఆ రాకపోకల్లో సంబంధాలు కలుస్తాయి, పాత అలకలు తీరుతాయి. ఏటా మన ఇంట్లో తిని పోయినవాడి మీద చెయ్యెత్తడం ఎవరికైనా కష్టమే. మన పెద్దలు పండుగను అట్లా అల్లారు.

కేస్లాపూర్ నాగోబా జాతర చూడండి. పుష్య అమావాస్య రాత్రి మెస్రం వంశం వాళ్లు చేసే పూజ అది. గోదావరి నీళ్లు కాలినడకన వాళ్లే తెస్తారు. కానీ పూజకు కావలసిన కుండలు సిరికొండ కుమ్మరుల దగ్గర చేయించాలి. కథ చెప్పడానికి కిక్రి పట్టుకుని ప్రధాన్లు రావాలి. ఒక వంశం పండుగే అయినా ఇంకొకరి చెయ్యి పడకుండా పూర్తి కాదు. అదే జాతరలో దర్బారు జరుగుతుంది. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం నేలకొరిగిన తరవాత, గోండుల కష్టాలను తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం తరఫున వచ్చిన హైమన్‌డార్ఫ్ చొరవతో ఆ దశాబ్దంలోనే దర్బారు మొదలైంది. అధికారులే జాతరకు వచ్చి మన ఫిర్యాదు వినాలి. పండుగలో ఫిర్యాదుకు కూడా ఒక చోటు ఉంచారు. బాధ చెప్పుకునే చోటు లేకుండా ‘అందరం ఒక్కటే’ అని పాడితే ఆ పాట ఎవరి చెవికీ ఎక్కదు. వినే చెవి లేకపోతే ఏమవుతుందో 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో చూశాం. సభ కోసం వచ్చిన గోండుల మీద పోలీసు కాల్పులు జరిగాయి.

ఇక లంబాడీలు. రోడ్లు, రైళ్లు రాకముందు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసి దేశమంతా తిరిగినవాళ్లు. ఆ ఉప్పు గుడి ప్రసాదంలోనూ పడింది, దర్గా దగ్గర వండిన అన్నంలోనూ పడింది. శ్రావణంలో మన ఆడపిల్లలు తీజ్ చేస్తారు. బుట్టల్లో మట్టి, ఎరువు వేసి గోధుమలు చల్లి తొమ్మిది రోజులు నీళ్లు పోసి పెంచుతారు. ఆ బుట్ట మేదరి వాళ్లో ఎరుకల వాళ్లో అల్లాలి. మేడారం గద్దెల దగ్గర కోయ పూజారులు పూజ చేస్తారు. నిలువెత్తు బంగారం అని బెల్లం మొక్కుకునేవాళ్లలో ఏ కులం లేదు చెప్పండి?

పాతబస్తీ తన వంతు చేసింది

ఈ నగరం దగ్గర కూడా నేర్చుకోవాల్సింది ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని మింగింది. అఫ్జల్‌గంజ్ దగ్గర ఒక చింతచెట్టు ఎక్కి నూట యాభై మందికి పైగా ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఇప్పటికీ ఉంది. నగరాన్ని ప్రేమించే కొందరు ఏటా ఆ తేదీన ఆ చెట్టు కింద చేరి ఆ వరదను తలుచుకుంటారు. మీ కాలేజీ నుంచి ఈసారి పదిమంది వెళ్లి చూడండి. ఆ రోజు పై కొమ్మ మీదున్నవాడు కింద ఉన్నవాడికి చెయ్యి అందించే ముందు మతం అడిగి ఉంటాడా?

హరిబౌలిలో అక్కన్న మాదన్న మహంకాళి గుడి ఉంది. ఆషాఢ బోనాల్లో అమ్మవారి ఘటం ఏనుగు మీద ఊరేగుతుంది. మనకు పక్కనే డబీర్‌పురాలో బీబీ కా అలావా ఉంది. మొహర్రం పదో రోజు బీబీ కా ఆలం కూడా ఏనుగు మీదనే ఊరేగుతుంది. జూపార్కులోని రజని అనే ఏనుగు కొన్నేళ్లపాటు బోనాల ఊరేగింపుకూ, మొహర్రం ఊరేగింపుకూ కూడా నడిచింది. మన పల్లెల్లో పీర్ల పండుగకు ఎవరెవరు నిప్పుల గుండం చుట్టూ ఆడతారో మీ తాతలను అడిగితే చెబుతారు.

ఈ మధ్య జరిగినది ఒకటి. 2023లో గణేశ్ నిమజ్జనం, మిలాద్ ఉన్ నబీ ఒకే రోజు వచ్చాయి, సెప్టెంబరు 28న. రెండు ఊరేగింపులు ఒకే రోజు పాతబస్తీ రోడ్ల మీదికి వస్తే ఏమవుతుందోనని అందరూ భయపడ్డారు. ముస్లిం పెద్దలు కూర్చుని మాట్లాడుకుని తమ ఊరేగింపును అక్టోబరు 1కి మార్చుకున్నారు. 2024లో కూడా అట్లాగే సెప్టెంబరు 19కి జరుపుకున్నారు. ఉపన్యాసాలు కాదు, ఒక తేదీ మార్చుకోవడం. నగరం ఊపిరి పీల్చుకుంది. ఆ తగ్గడాన్ని మనం గుర్తు పెట్టుకోవాలి, అవసరమైన రోజు మనమూ అట్లా తగ్గాలి.

ఫోటో చాలదు

మేము బీఈడీలో చదువుకున్న పాఠం ఒకటి ఇక్కడ పనికొస్తుంది. గోర్డన్ ఆల్‌పోర్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1954లో రాసిన పుస్తకంలో ఒక ప్రశ్న వేసుకున్నాడు. వేరు వేరు గుంపులవాళ్లు ఒకచోట చేరితే చాలు, ద్వేషం తగ్గుతుందా? చాలదన్నాడు. నాలుగు ఉండాలన్నాడు. చేరిన చోట ఇద్దరిదీ సమానమైన హోదా కావాలి. ఇద్దరికీ కావలసిన పని ఒకటుండాలి. ఆ పని పోటీ పడి కాక, చెయ్యి కలిపి చేయాలి. పెద్దల, సంస్థల మద్దతు ఉండాలి.

ఈ నాలుగూ పెట్టి మన కార్యక్రమాలను కొలవండి. వేదిక మీద మూడు మతాల పెద్దలు చేతులు పైకెత్తి ఫోటో దిగుతారు. కింద కుర్చీల్లో మనవాళ్లు ఒకవైపు, వాళ్లు ఒకవైపు కూర్చుని, సమోసా తిని వెళ్లిపోతారు. ఆ రోజు ఎవరికీ ఒక కొత్త పేరు తెలియదు. మన పిల్లలను గుస్సాడీ, లంబాడీ వేషాలు వేయించి స్వాగతానికి నిలబెట్టి, భోజనాల దగ్గర మర్చిపోయే సభలు కూడా మేము చూశాం. అక్కడ సమాన హోదా లేదు. అటువంటి పిలుపు వస్తే, మా పిల్లలు ఆడతారు, తరవాత మీతో పాటు కూర్చుని తింటారు, మాట్లాడతారు అని ముందే చెప్పండి.

అశుతోష్ వార్ష్నే అనే పరిశోధకుడు హైదరాబాద్‌ను లక్నోతోనూ, అలీగఢ్‌ను కాలికట్‌తోనూ పోల్చి 2002లో పుస్తకం తెచ్చాడు. పల్లెలో రోజువారీ పలకరింపులు శాంతిని నిలబెట్టొచ్చు, పెద్ద నగరంలో అవి చాలవు అంటాడు. రెండు మతాలవాళ్లు కలిసి ఉన్న సంఘాలు, అంటే వ్యాపారుల సంఘం, కార్మికుల యూనియన్, క్లబ్బులాంటివి ఉన్నచోట పుకారు వచ్చినా ఊరు నిలబడుతుందని చెప్పాడు. కారణం అర్థం చేసుకోవడం సులువే. గొడవ మొదలైన రాత్రి ఫోన్ చేయడానికి అవతలి వైపు ఒక మనిషి ఉంటాడు. ఆ నంబరు గొడవైన రాత్రి దొరకదు. అంతకుముందే మన దగ్గర ఉండాలి.

మనం చేయగలిగినవి

మొదటిది, రక్తం. ఇది మన ఇంటి సమస్య కూడా. మన గూడేల్లో సికిల్ సెల్ జబ్బు ఉన్న పిల్లలున్నారు. దాన్ని నిర్మూలించడానికి 2023 జులైలో జాతీయ మిషన్ మొదలైంది. సికిల్ సెల్ పిల్లల్లో కొందరికి రక్తం ఎక్కించాల్సి వస్తుంది. థలసీమియా పిల్లలకైతే రెండు మూడు వారాలకొకసారి ఎక్కించాల్సిందే. ఈ రెండు జబ్బుల పిల్లల కోసం మన నగరంలో థలసీమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ పనిచేస్తోంది. పాతబస్తీలో మొహర్రం రోజుల్లో రక్తదాన శిబిరాలు పెట్టే ముస్లిం యువకులున్నారు. ఆ సీసాలో రక్తం రేపు ఏ తండా పిల్లకు ఎక్కుతుందో ఇచ్చినవాడికి తెలియదు. ఈసారి ఆ శిబిరానికి మనమూ వెళ్దాం. పద్దెనిమిదేళ్లు నిండి, బరువూ హిమోగ్లోబినూ సరిపోయినవాళ్లు ఇవ్వండి. సరిపోనివాళ్లు వరుస చూసుకోండి, నీళ్లివ్వండి, పేర్లు రాయండి. మన ఆడపిల్లల్లో రక్తహీనత ఎక్కువ కాబట్టి అక్కడే పరీక్ష కూడా చేయించుకోవచ్చు. ఆ తరవాత మన సంఘం శిబిరానికి వాళ్లను పిలుద్దాం. ఆల్‌పోర్ట్ చెప్పిన నాలుగూ ఇందులో ఉన్నాయి.

రెండోది, దండారి పద్ధతిలో అతిథులుగా పోవడం, పిలవడం. తీజ్ తొమ్మిదో రోజు, బతుకమ్మ ఆడే ఒక సాయంత్రం, గుస్సాడీ ఆడే రోజు మన గల్లీవాళ్లను పిలవండి. వాట్సాప్‌లో కార్డు పెట్టి ఊరుకోకండి. ఇంటికి వెళ్లి, పెద్దమ్మకు, ఖాలాకు చెప్పి పిలవండి. ఏం తింటారో, ఏం తినరో ముందే అడగండి. జొన్నరొట్టె, పప్పు, ఉట్నూరు ఆదివాసీ మహిళలు చేసే ఇప్పపువ్వు లడ్డూ అయితే అందరూ తినగలరు. వాళ్లు ఇఫ్తార్‌కు పిలిస్తే వెళ్లండి. బోనాలకు పిలిస్తే వెళ్లండి. వెళ్లినచోట ఫోన్ జేబులో పెట్టి, ఇద్దరి పేర్లు తెలుసుకుని రండి.

మూడోది, చదువు. మన పిల్లల్లో లెక్కలు బాగా వచ్చినవాళ్లున్నారు. పక్క గల్లీ పిల్లల్లో ఉర్దూ, హిందీ, ఇంగ్లీషు ధాటిగా మాట్లాడేవాళ్లున్నారు. పదో తరగతి పరీక్షలకు ముందు ఆదివారాలు ఒకచోట కూర్చోండి. అమెరికాలో నల్ల, తెల్ల పిల్లలను ఒకే బడిలో కలిపిన తరవాత గొడవలు వస్తుంటే 1971లో ఇలియట్ ఆరన్‌సన్ అనే ఆచార్యుడు ఒక ఉపాయం చేశాడు. ఒక పాఠాన్ని ముక్కలు చేసి ఒక్కో పిల్లకు ఒక్కో ముక్క ఇచ్చాడు. పక్క పిల్ల చెప్పేది వినకపోతే ఎవరికీ పాఠం పూర్తి కాదు. మేము సాయంత్రం స్టడీ అవర్‌లో సాంఘికశాస్త్రం అట్లాగే చదివిస్తాం. నోరు మెదపని చెంచు పిల్ల మాట కోసం అందరూ ఎదురుచూసే రోజు వస్తుంది. ఆ పిల్ల నడక ఆ రోజు నుంచి మారుతుంది.

నాలుగోది, పుకారు వచ్చిన గంట. అది తప్పకుండా వస్తుంది, ఎక్కువగా పండుగకు ముందు రోజే వస్తుంది. వీడియో వస్తే ఫార్వర్డ్ చేయకండి. అది ఎక్కడిది, ఎప్పటిది అని పంపినవాణ్ణి అడగండి. చాలామంది దగ్గర జవాబు ఉండదు. అవతలి వైపు మీకు తెలిసిన మనిషికి ఫోన్ చేయండి. ఏదైనా నిజంగా కనబడితే దాన్ని ముట్టకుండా, ఫోటో తిప్పకుండా, పోలీసులకూ బస్తీ పెద్దలకూ చెప్పండి. మతాల మధ్య, కులాల మధ్య శత్రుత్వం రెచ్చగొడితే భారతీయ న్యాయ సంహిత 196వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, ప్రార్థన స్థలంలో చేస్తే ఐదేళ్ల దాకా. మీలో కానిస్టేబుల్‌కు, గ్రూప్స్‌కు, సైన్యానికి తయారవుతున్నవాళ్లున్నారు. ఉద్యోగం చేతికొచ్చే ముందు పోలీస్ వెరిఫికేషన్ ఉంటుంది. గుంపులో మిమ్మల్ని ముందు నిలబెట్టే పెద్దమనిషి కొడుకు ఆ గుంపులో ఉన్నాడో లేడో ఒకసారి తిరిగి చూసుకోండి. రాయి పట్టుకోవడానికి మన పిల్లలు కావాలి, కేసైతే జామీనుకు మన బాపు రెండెకరాల పట్టా కావాలి.

ఐదోది, బాధ చెప్పుకునే చోటు. కలిసి ఉండటమంటే అవమానం మింగి ఊరుకోవడం కాదు. కులం పేరుతో, తెగ పేరుతో దూషిస్తే 1989 అట్రాసిటీ చట్టం ఉంది. నేరం జరిగితే నేరస్తుడి పేరు మీద ఫిర్యాదు ఇవ్వండి, వాడి మతం మీద కాదు. ఫిర్యాదు రాయడానికి, స్టేషన్‌కు తోడు రావడానికి సంఘం పెద్దలున్నారు, మేమున్నాం. మన బాధలో న్యాయం ఉంటే పక్క గల్లీవాళ్లను కూడా వెంట రమ్మని అడుగుదాం. వాళ్ల బాధలో న్యాయం ఉన్న రోజు మనమూ వెళ్దాం.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇవన్నీ ఒకేసారి చేయమని మేము అనడం లేదు. ఇక్కడ కూర్చున్న ప్రతి హాస్టల్, ప్రతి బస్తీ బృందం వచ్చే పండుగలోపు ఒక్క పని ఎంచుకోండి. ఎవరిని పిలుస్తారో వాళ్ల ఇంటి పేరు, గల్లీ పేరు ఈ రోజే కాగితం మీద రాసి సంఘం కార్యదర్శి గారికి ఇచ్చి వెళ్లండి. మా హాస్టల్ తరఫున మేము రాసిన కాగితం ముందే ఇచ్చేశాం. శ్రావణంలో మా పిల్లల తీజ్‌కు ఎదురు గల్లీ ఆడబిడ్డలు వస్తున్నారు. వంట మేము చేస్తాం, మెహందీ వాళ్లు పెడతామన్నారు. మీరు కూడా రండి.